క్రిస్మస్ సందేశం: "దేవుని కానుక" అనాలా, "దేవుని వరం" అనాలా? 20 నిమిషాల్లో ఎలా చెప్పాలి?

కొత్తగొంతు:

అందరికీ వందనాలు. క్రిస్మస్ ఆరాధనలో 20 నిమిషాల సందేశం ఇవ్వాలి. అంశం "క్రిస్మస్: దేవుడిచ్చిన కానుక". మూలవాక్యం యోహాను 3:16, దేవుడు లోకాన్ని ఎంతో ప్రేమించి తన కుమారుణ్ణి ఇచ్చాడన్న వాక్యం. వినేవాళ్లలో సగంమంది ఈ వాక్యాన్ని నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతారు. మిగతా సగం అసలు బైబిలు తెరవనివాళ్లు.

నాకు తెగని సంగతులు ఇవి. తెలుగు బైబిలు "వరము" అంటుంది, కరపత్రాల్లో "కానుక" అని ఉంటుంది, పిల్లల పాఠాల్లో "బహుమతి" అంటారు. ఏది వాడినా ఒకటేనా? రెండోది, యోహాను 3:16లో పుట్టుక ప్రస్తావనే లేదు, పశువుల తొట్టి లేదు, బేత్లెహేము లేదు. దాన్ని క్రిస్మస్ వాక్యంగా తీసుకోవడం సబబేనా? మూడోది, జ్ఞానులు తెచ్చిన కానుకల్ని ఇందులో కలపాలా? ఇక చివర్లో "ఈ వరాన్ని అంగీకరించండి" అంటాం కదా, అంగీకరించడమంటే ఏం చేయాలి అని ఎవరైనా అడిగితే సూటిగా ఏం చెప్పాలి?

దానికి ముందురోజు పిల్లలతో 10 నిమిషాలు ఉంది. రంగుకాగితం చుట్టిన పెట్టె చూపించి చెబుదామనుకుంటున్నా. ప్రోత్సాహపు మాటలకన్నా పనికొచ్చే వివరాలు కావాలి.

మూలభాష:

మాట దగ్గరే మొదలుపెడదాం. మీ సందేశంలో సగం అక్కడే ఉంది.

తెలుగు బైబిల్లో ఈ మాటల వాడకం గమనించండి. దేవుడి నుంచి మనిషికి వచ్చేదానికి "వరము": సమరయ స్త్రీతో యేసు అన్నది (యోహాను 4:10), ఎఫెసీ 2:8, 2 కొరింథీ 9:15. రోమా 6:23లో "కృపావరము". మనిషి నుంచి దేవుడికి వెళ్లేదానికి "కానుక": జ్ఞానులు సమర్పించినవి కానుకలు (మత్తయి 2:11), విధవరాలు రెండు కాసులు వేసింది కానుకపెట్టెలో (లూకా 21). "బహుమానము" పరుగుపందెంలో గెలిచినవాడికి (1 కొరింథీ 9:24, ఫిలిప్పీ 3:14).

కాబట్టి ఒకటే కావు. "దేవుని కానుక" అనగానే సంఘంలో పెరిగిన చెవికి మనం వేసే కానుక గుర్తొస్తుంది. దిశ తిరగబడిపోతుంది. "బహుమతి" అంటే ఎవరో గెలిచారన్నమాట. "దానం" అంటే ఇచ్చేవాడికి పుణ్యం, పుచ్చుకునేవాడికి చిన్నతనం. "వరం" అంటే తెలుగు చెవికి తపస్సు: ఒంటికాలి మీద నిలబడి, ఏళ్ల తరబడి మెప్పించి, ప్రత్యక్షమైనప్పుడు కోరుకునేది.

అయినా నా ఓటు "వరం"కే. ఎందుకంటే ఆ మాటకు మన చెవిలో ఉన్న అర్థానికీ, బైబిలు దాన్ని వాడిన తీరుకీ మధ్య ఉన్న దూరమే మీరు చెప్పాల్సిన సంగతి. మొదటి మూడు నిమిషాల్లో ఆ దూరాన్ని చూపించండి. బైబిలు తెలియనివాళ్లకు అది కొత్త, తెలిసినవాళ్లకు ఎప్పుడూ ఆగి చూడని చోటు.

దూరం ఎక్కడెక్కడ ఉందంటే, ఒకటి, ఎవరూ అడగలేదు. లూకా మొదటి అధ్యాయంలో ఇద్దరి దగ్గరికి గబ్రియేలు దూత వస్తాడు. జెకర్యాతో "నీ ప్రార్థన వినబడినది" అంటాడు (1:13). ఆయన భార్య ఎలీసబెతు గొడ్రాలు, ఇద్దరూ బహుకాలం గడిచినవాళ్లు. అక్కడ అడగడం ఉంది, ఇవ్వడం ఉంది. మరియతో మాట్లాడినప్పుడు అలాంటి మాట ఒక్కటీ లేదు. "దయాప్రాప్తురాలా" అని పిలుస్తాడు (1:28). గ్రీకులో అది "ఖరిస్", అంటే కృప, అన్న మాట నుంచే వచ్చింది. ఆమె చేసింది ఒక ప్రశ్న వేయడం, తర్వాత "నీ మాటచొప్పున నాకు జరుగునుగాక" అనడం. ఈ రెండు సన్నివేశాల్ని పక్కపక్కన పెట్టి చదివితే చాలు, వివరణ పెద్దగా అక్కర్లేదు.

రెండు, కారణం మనలో లేదు. రోమా 3:24లో "ఉచితముగా" అని ఉన్నచోట గ్రీకు మాట "దోరెఆన్". అదే మాట యోహాను 15:25లోనూ ఉంది, అక్కడ మన అనువాదం "నిర్హేతుకముగా": "నన్ను నిర్హేతుకముగా ద్వేషించిరి". మనుషులు ఆయన్ని ద్వేషించడానికి ఆయనలో ఏ కారణం లేనట్టే, ఆయన మనుషుల్ని నీతిమంతులుగా తీర్చడానికి మనుషుల్లో ఏ కారణం లేదు. ఈ జత ఒక్కటి చెబితే "ఉచితం" అన్న మాట మీద పేరుకున్న దుమ్ము వదులుతుంది.

మూడు, ఇచ్చినవాడూ ఇవ్వబడినవాడూ వేరు వేరు సంగతులు కావు. మామూలు వరంలో ఇచ్చేవాడు ఏదో ఒకటి ఇచ్చి మాయమవుతాడు, వరం మన దగ్గర ఉంటుంది, ఆయన ఉండడు. ఇక్కడ పెట్టిన పేరే ఇమ్మానుయేలు, దేవుడు మనకు తోడు (మత్తయి 1:23). క్రీ.శ. 325లో సంఘపెద్దల నికయ సభ "పుట్టినవాడు, చేయబడినవాడు కాదు" అని పట్టుబట్టడానికి కారణం ఇదే. అరియు చెప్పినట్టు కుమారుడు సృష్టించబడినవాడైతే, దేవుడు తన దగ్గరున్న వాటిలో శ్రేష్ఠమైనది ఇచ్చాడు అనవచ్చుగానీ తన్ను తాను ఇచ్చుకున్నాడు అనలేం. నికయ పేరు సందేశంలో ఎత్తాలని లేదు, ఆ తేడా మాత్రం వదలొద్దు.

ఇంకొక్కటి. రోమా 6:23లో "జీతము" అన్నచోట ఉన్న "ఒప్సోనియా" సైనికుడి జీతానికి వాడే మాట. దానికి ఎదురుగా "ఖరిస్మ", కృపావరం. ఆ వాక్యంలో జీతం ఇచ్చేది పాపం, ఆ జీతం మరణం. వరం ఇచ్చేది దేవుడు, ఆ వరం నిత్యజీవం. "పుణ్యానికి జీతం నిత్యజీవం" అని పౌలు రాయలేదు. చాలామంది మనసులో ఆ వాక్యం అలాగే ఉంటుంది, అందుకే దాన్ని నెమ్మదిగా, ఒక్కో ముక్కా చదవండి.

అంచునోట్సు:

పైవారు మాట గురించి చెప్పారు కాబట్టి నేను యోహాను 3:16 దగ్గర ఆగుతాను.

క్రిస్మస్ వాక్యమేనా అంటే, అవును. అయితే 16వ వచనాన్ని ఒంటరిగా పీకి చదివితే కాదు. 14 నుంచి చదవండి. "అరణ్యములో మోషే సర్పమును ఏలాగు ఎత్తెనో, ఆలాగే" మనుష్యకుమారుడు ఎత్తబడాలి. ఈ "ఆలాగే" అన్నచోట గ్రీకులో "హూతోస్" ఉంది. 16వ వచనం మొదట్లో ఉన్నదీ అదే మాట. తెలుగులో మాత్రం అక్కడ "ఎంతో ప్రేమించెను" అని వచ్చింది. "ఎంతో" అంటే కొలత, "హూతోస్"లో ముందున్నది విధానం: "దేవుడు లోకాన్ని ప్రేమించిన విధం ఇది". 'ఎంతో' తప్పని కాదు, ఆ భావమూ సందర్భంలో ఉంది. కానీ దేవుడి ప్రేమ ఎంత అని చేతులు బార్లా చాపి చూపించే ముందు, ఆ ప్రేమ ఏం చేసిందో చూడమంటోంది వాక్యం.

సంఖ్యాకాండము 21లో పాము కరిచినవాళ్లు చేయాల్సిందేమిటి? మందు నూరడం లేదు, కట్టు కట్టడం లేదు. స్తంభం మీదున్న ఇత్తడి సర్పం వైపు చూడడం. ఇది గుర్తుపెట్టుకోండి, మీ నాలుగో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

ఇక "అనుగ్రహించెను". గ్రీకులో "ఎడోకెన్", ఇచ్చాడు. రోమా 8:32లో పౌలు దీనికే ముందు ఒక ఉపసర్గ తగిలించి "పరెడోకెన్" అంటాడు, తెలుగులో "అప్పగించిన". యూదా యేసును అప్పగించినప్పుడూ సువార్తల్లో వాడిన క్రియ అదే. కాబట్టి 3:16లోని "ఇచ్చాడు" అన్న మాటలో తొట్టి నుంచి సిలువ దాకా అంతా ఉంది. డిసెంబరు సందేశాల్లో తరచూ జరిగే పొరపాటు ఏమిటంటే, ఇవ్వడాన్ని తొట్టి దగ్గరే ఆపేయడం. పసిబిడ్డ ముద్దుగా ఉంటాడు, ఎవరికీ ఇబ్బంది ఉండదు, అందరూ నవ్వుకుంటూ ఇంటికెళతారు. రెండో పొరపాటు దీనికి తలకిందులు: రెండు నిమిషాల్లో బేత్లెహేము దాటేసి మిగతా పద్దెనిమిది నిమిషాలూ సిలువ వేసిన గొల్గొతా మీద గడపడం. అప్పుడు శరీరధారియవడం అనేది సిలువకు చేరే దారిలో ఒక రైల్వేస్టేషను అయిపోతుంది. యోహాను 1:14లో "నివసించెను" అన్న మాట "గుడారం వేసుకున్నాడు" అని అర్థమిచ్చే క్రియ. నిర్గమకాండము 40లో ప్రత్యక్షపు గుడారాన్ని మహిమ నింపింది గుర్తుందా, మోషే కూడా లోపలికి వెళ్లలేకపోయాడు. ఇప్పుడు ఆ మహిమను "కనుగొంటిమి" అంటున్నాడు యోహాను. దేవుడు మన మధ్య ఉండడమే వరంలో ఒక భాగం.

20 నిమిషాల్ని నేనైతే ఇలా పంచుతాను: "వరం" మాట విప్పడం 3, యోహాను 3:14-16 చదివి "ఇచ్చాడు" వివరించడం 6, లూకా 2 నుంచి ఒక సన్నివేశం 5, జీతం-వరం తేడా 3, ముగింపు 3. సందేశమంతా కాగితం మీద రాసి, గడియారం ముందు పెట్టుకుని గట్టిగా ఒకసారి చదవండి. మనసులో చదివితే లెక్క తప్పుతుంది. 17 నిమిషాలకు తగ్గేదాకా కత్తిరించండి, వాక్యాలు చదివేటప్పుడు ఆగడాలకే మిగతా మూడూ పోతాయి. వాక్యభాగాలు నాలుగుకు మించనివ్వొద్దు. పైన మూలభాష గారూ నేనూ కలిసి ఇప్పటికే డజను దాకా ఇచ్చాం, అన్నీ పెట్టుకుంటే వినేవాళ్లు పేజీలు తిప్పడంలోనే ఉంటారు.

పులకింత:

యెషయా 9:6 కలపండి సార్. "శిశువు పుట్టెను" అంటే ఆయన మానవత్వం, "కుమారుడు అనుగ్రహింపబడెను" అంటే ఆయన దైవత్వం. శిశువుగా పుట్టాడు, కుమారుడిగా మాత్రం పుట్టలేదు, ఇవ్వబడ్డాడు. ఒక్క వచనంలో రెండు స్వభావాలూ వచ్చేస్తాయి.

మూలభాష:

పులకింత గారూ, ఈ వివరణ వేదికల మీద బాగా పండుతుంది, ఒప్పుకుంటాను. కానీ వాక్యం మీద అంత బరువు పెట్టకూడదు. హెబ్రీ కవిత్వం ఒకే సంగతిని రెండు పాదాల్లో రెండు మాటలతో చెబుతుంది. "యెలెద్ యుల్లద్ లానూ, బేన్ నిత్తన్ లానూ": శిశువు పుట్టాడు మనకు, కుమారుడు ఇవ్వబడ్డాడు మనకు. రెండూ ఒకే బిడ్డ, ఒకే రాక. రెండు స్వభావాల సంగతి క్రీ.శ. 451లో కల్కెదోను సభ స్పష్టంగా పలికింది, దానికి ఆధారాలు వేరే వచనాల్లో గట్టిగానే ఉన్నాయి. ఇదే యెషయా వచనంలో "బలవంతుడైన దేవుడు" అన్న పేరు కళ్లెదుటే ఉండగా, "పుట్టెను", "అనుగ్రహింపబడెను" మధ్య సందులో వెతకడం ఎందుకు?

అసలు ఆ వచనంలో పట్టుకోవాల్సింది రెండుసార్లు వచ్చిన "లానూ", "మనకు". తెలుగులోనూ రెండుసార్లు ఉంది. లూకా 2:11లో దూత గొర్రెల కాపరులతో "మీ కొరకు పుట్టియున్నాడు" అంటాడు. బిడ్డ పుడితే ఆ తల్లికి పుట్టాడంటాం, ఆ తండ్రికి పుట్టాడంటాం. ముక్కూమొహం తెలియని కాపరులకు పుట్టడమేమిటి? వరం అన్న భావమంతా ఆ "మీ కొరకు"లోనే ఉంది.

సందర్భం కూడా ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: యెషయా 8 చివర కారుచీకటి, 9:5లో యుద్ధపు చెప్పులూ రక్తంలో పొర్లించిన బట్టలూ కాలిపోవడం. అలాంటి చోట ఎదురుచూసేది సేనాధిపతి కోసం. వచ్చింది శిశువు.

కొత్తగొంతు:

చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలు. లూకా 2 నుంచి సన్నివేశం అన్నారు, ఏది తీసుకోను? జ్ఞానుల సంగతి కూడా ఎవరైనా తేల్చండి. "ముగ్గురు రాజులు మూడు కానుకలు తెచ్చారు, మనమూ హృదయాన్ని కానుకగా ఇద్దాం" అని ముగించే ఆలోచన ఉంది.

గోధుమగింజ:

ఆ ముగింపు పెడితే మీ సందేశం తనను తానే కొట్టేసుకుంటుంది. 18 నిమిషాలు "దేవుడిచ్చాడు" అని చెప్పి, చివరి రెండు నిమిషాలు "కాబట్టి మీరు ఇవ్వండి" అంటే వినేవాళ్లు ఇంటికి పట్టుకెళ్లేది ఆ చివరి మాటే. జ్ఞానులు వదిలేయమని కాదు. వాళ్లు కానుకలు ఇచ్చింది "సాగిలపడి" పూజించాక. ఇవ్వడం ఆరాధనలో భాగంగా వచ్చింది, బిడ్డ దగ్గరికి రానివ్వడానికి కట్టిన రుసుము కాదు. అంతవరకు ఒక వాక్యంలో చెప్పి మధ్యలోనే ముగించండి. 1 దినవృత్తాంతములు 29:14లో దావీదు ఆలయం కోసం కుప్పలుగా పోసిన బంగారం ముందు నిలబడి, నీ చేతిలోంచి వచ్చిందే నీకిచ్చాం అంటాడు. మన ఇవ్వడం ఎప్పుడూ రెండో ఇవ్వడమే.

జ్ఞానుల విషయంలో తప్పులు దొర్లకుండా చూసుకోండి, వినేవాళ్లలో పట్టుకునేవాళ్లు ఉంటారు. మత్తయి ముగ్గురు అనలేదు, రాజులు అనలేదు. కానుకలు మూడు రకాలు కాబట్టి ముగ్గురన్న సంప్రదాయం వచ్చింది. వాళ్లు వచ్చింది "ఇంటిలోనికి" (2:11), తొట్టి దగ్గరికి కాదు. హేరోదు రెండేళ్లలోపు మగపిల్లల్ని చంపించాడంటే నక్షత్రం కనబడి కొంత కాలం గడిచిందనే. బంగారం రాజుకు, సాంబ్రాణి దేవుడికి, బోళం చావబోయేవాడికి అన్న వివరణ 2వ శతాబ్దపు సంఘనాయకుడు ఇరేనియస్ నాటికే ఉంది. మత్తయి మాత్రం ఏదీ వివరించలేదు. "సంఘంలో పాతకాలం నుంచీ ఇలా ధ్యానించారు" అని చెప్పండి, "బైబిలు ఇలా చెబుతోంది" అనకండి. బోళం మాత్రం నిజంగానే మళ్లీ కనిపిస్తుంది: యోహాను 19:39లో యేసును సమాధి చేసేటప్పుడు నీకొదేము బోళమూ అగరూ కలిపి పెద్ద మొత్తంలో తెస్తాడు. 3వ అధ్యాయంలో రాత్రివేళ వచ్చి "దేవుడు లోకమును ఎంతో ప్రేమించెను" అన్న ఆ సంభాషణకు కారణమైనవాడు ఈ నీకొదేమే. మీ మూలవాక్యానికి ఇంతకన్నా దగ్గరి ముడి దొరకదు.

లూకా 2 సన్నివేశానికి కాపరుల్ని అందరూ తీసుకుంటారు. నేనైతే 22-24 వచనాలు తీసుకోమంటాను. మగబిడ్డ పుట్టాక తల్లి శుద్ధీకరణ దినాలు లేవీయకాండము 12 ప్రకారం ఏడూ, ఆపైన ముప్పై మూడూ, మొత్తం 40. అవి నిండాక దహనబలికి ఏడాది గొర్రెపిల్ల, పాపపరిహారార్థబలికి ఒక పక్షి తేవాలి. గొర్రెపిల్లను తెచ్చే స్తోమత లేకపోతే, రెండు గువ్వలైనా రెండు పావురపు పిల్లలైనా తేవచ్చని 12:8 సడలింపు ఇచ్చింది. లూకా ఆ సడలింపునే రాశాడు. గొర్రెపిల్ల ఊసెత్తలేదు. అంటే మరియ చేతిలో ఉన్నది బీదవాళ్ల అర్పణ. ఒక చేత్తో బిడ్డ, ఇంకో చేతిలో రెండు పక్షులు, ఆలయం మెట్లు. 2 కొరింథీ 8:9 "ధనవంతుడై యుండియు ... మీ నిమిత్తము దరిద్రుడాయెను" అన్న మాటను కళ్లకు కట్టించాలంటే ఈ రెండు పక్షులు చాలు. ఇక్కడ గొంతు పెంచకండి, వర్ణన ఎక్కువ చేయకండి. పక్షుల ధర ఎంతో ఊహించి చెప్పొద్దు.

తేదీ గొడవ ఎవరైనా ఎత్తితే: పుట్టిన రోజు బైబిల్లో లేదు. డిసెంబరు 25 అన్నది క్రీ.శ. 354లో రోమాలో కూర్చిన పంచాంగ సంకలనంలో కనబడుతుంది, అందులోని ఆ జాబితా 336 నాటిదని పండితుల లెక్క. సూర్యదేవుడి పండుగను బట్టి పెట్టారని కొందరు, మార్చి 25న గర్భధారణ అనుకుని తొమ్మిది నెలలు కలిపారని కొందరు. ఆర్మేనియా సంఘం ఇప్పటికీ జనవరి 6నే ఆచరిస్తుంది. ఇది సందేశంలో పెట్టకండి, బయట ఎవరైనా అడిగితే చెప్పండి.

ఆదివారంబడి:

పిల్లల పెట్టె గురించి. ఆలోచన మంచిదే, తేడా వచ్చేది చిన్న చిన్న చోట్లే.

"ఎవరు ముందు పరిగెత్తుకొస్తే వాళ్లకి" అనకండి. "3:16 చూడకుండా చెప్పినవాళ్లకి" అని అసలే అనకండి. ఆ క్షణంలో వరం కాస్తా బహుమానం అయిపోయింది, పైన మూలభాష గారు చెప్పిందంతా పిల్లల ముందు తిరగబడింది. "మంచి పిల్లలకే క్రిస్మస్ తాత బహుమతులు తెస్తాడు" అన్న లెక్క వాళ్ల బుర్రలో ఎలాగూ ఉంటుంది, అది జీతం లెక్క. మీ పెట్టె దాన్ని విప్పాలిగానీ బిగించకూడదు.

ఇలా చేసి చూడండి. పెట్టె మీద పెద్ద చీటీ: "అందరికీ". లోపల పిల్లల లెక్కకు అయిదారు ఎక్కువగా చిన్న వస్తువులు, అన్నీ ఒకే రకం, ఒకే రంగు. రంగు మారితే అక్కడే కొట్లాట. పెట్టె బల్ల మీద పెట్టి మొదటి నిమిషం ముట్టుకోకండి, వాళ్లే అడుగుతారు. "ఇది ఎవరిది?" అంటే చీటీ చదివించండి. "దీనికోసం మీరేం చేశారు?" అని అడగండి. ఎవరో ఒకరు "ప్రార్థన చేశాం", "అల్లరి చేయలేదు" అంటారు. నవ్వి, "నేను దీన్ని మీరు రాకముందే కట్టాను" అనండి. రోమా 5:8, "మనమింకను పాపులమై యుండగానే", అక్కడ సరిపోతుంది. ఆ తర్వాత విప్పి పంచండి.

ఎవరైనా బిడ్డ తీసుకోనని మొరాయిస్తే బలవంతంగా చేతిలో పెట్టొద్దు. "ఇది నీదే, ఇక్కడే ఉంటుంది" అని బల్ల మీద ఉంచండి. అంగీకరించడం అంటే ఏమిటో మిగతా పిల్లలకు దానికన్నా బాగా బోధపడే మార్గం లేదు. ఖాళీ పెట్టె చూపించి "అసలు కానుక యేసే" అనే పద్ధతి ఒకటుంది. వద్దు. అయిదేళ్ల పిల్లకు గుర్తుండేది మోసపోవడం ఒక్కటే.

మొత్తం ఏడు నిమిషాలు, మిగతా మూడు పంచడానికే పోతాయి.

కొత్తగొంతు:

రంగుల సంగతి నాకు తట్టనే లేదు. చివరి ప్రశ్న ఒక్కటి మిగిలింది. అంగీకరించడమంటే ఏం చేయాలి? ఇంకోటి, అంతా ఉచితమే అంటే జనం చులకనగా తీసుకోరా అని మా పెద్దలొకరు అడుగుతున్నారు.

అంచునోట్సు:

యోహాను 1:12 తనే వివరించుకుంది: "తన్ను ఎందరంగీకరించిరో వారికందరికి, అనగా తన నామమునందు విశ్వాసముంచినవారికి". "అనగా" తర్వాత ఉన్నదే జవాబు. పాము కరిచినవాడు సర్పం వైపు చూడడం లాంటిది. చూపు విషాన్ని తీయదు, చూడమన్నవాడు తీస్తాడు. అడిగినవాళ్లకు ఇంత సూటిగా చెప్పండి: నన్ను నేను బాగుచేసుకోలేనని ఒప్పుకోవడం, నాకోసం ఇవ్వబడినవాడు యేసేనని నమ్మి ఆయన మీద ఆనుకోవడం, ఆ మాట ఆయనతోనే ప్రార్థనలో చెప్పడం. చెయ్యెత్తడం, ముందుకు రావడం లాంటివి ఆ నమ్మకాన్ని బయటికి చూపే పద్ధతులు. వాటినే అంగీకారం అనేస్తే మళ్లీ ఒక క్రియ తయారవుతుంది. ఆ రోజే తేల్చుకోమని ఒత్తిడి చేయొద్దు, మొదటిసారి వచ్చినవాళ్లకు లూకా సువార్త చేతిలో పెట్టి, చదివాక మాట్లాడుకుందామని ఒక రోజు చెప్పండి.

జాగ్రత్త ఒకటి. ఎఫెసీ 2:8లో "ఇది మీవలన కలిగినది కాదు" అన్నచోట "ఇది" ఏమిటని ఎవరైనా పట్టుకుంటారు. గ్రీకులో ఆ సర్వనామం నపుంసకలింగం. కృప, విశ్వాసం రెండూ ఆ భాషలో స్త్రీలింగాలు. కాబట్టి ఏదో ఒక మాటను కాక, కృపచేత విశ్వాసం ద్వారా రక్షింపబడడం అన్న మొత్తాన్ని సూచిస్తోందని చదవడం సబబు.

గోధుమగింజ:

చులకన సంగతి. పెద్దలు అడిగింది న్యాయమైన ప్రశ్నే, పౌలు కూడా ఇదే ప్రశ్న ఎత్తాడు (రోమా 6:1). ఉచితం అన్నది పుచ్చుకునేవాడి వైపు లెక్క. ఇచ్చినవాడి వైపు లెక్క 1 పేతురు 1:18-19లో ఉంది: వెండి బంగారాలు కావు, రక్తం. దేవుని వరాన్ని డబ్బుతో కొనబోయిన సీమోనుకు పేతురు ఏం చెప్పాడో అపొస్తలుల కార్యములు 8:20లో చూపించండి. వెల కట్టడమే అసలు చులకన చేయడం అని అక్కడ తేలిపోతుంది. ఆపైన ఎఫెసీ 2:8-9 చదివి ఆపేయకుండా 10 కూడా చదవండి. 9లో క్రియల "వలన" కాదు, 10లో సత్‌క్రియలు "చేయుటకై". ఆ రెండు చిన్న మాటల్ని బోర్డు మీద రాసినా సరే.

పెద్దలు ఇంకా ఒప్పుకోకపోతే తీతు 2:11-12 ఇవ్వండి. అక్కడ "ప్రత్యక్షమై" వచ్చిన కృపే బోధించే పనీ చేస్తోంది, భక్తిహీనతను విసర్జించమని. మీ అంశం క్రిస్మస్ కాబట్టి ఆ "ప్రత్యక్షమై" దగ్గర ఒక అర నిమిషం ఆగొచ్చు. అయితే అంచునోట్సు గారి లెక్క ప్రకారం వాక్యభాగాలు నాలుగు దాటకూడదు. ఇది పెడితే రోమా 6:23 తీసేయాల్సి వస్తుంది, నేనైతే తీయను.